ఆకలి బొగ్గు

ఉలిగమ్మ పుట్టకముందే నేల చచ్చిపోయింది. ఇప్పుడు ప్రతి ఇంటి పాత కలపా ఊరి బట్టీకే వెళ్తుంది. కాల్చిన బొగ్గును పేడనీళ్లలో నానబెట్టి, బంకమట్టితో కలిపి తొక్కి, అందరి మళ్లకూ పంచుతారు. ఆ మట్టి లేనిదే గింజ మొలవదు.

ఆమె ఇంట్లో మిగిలిన కలప ఉయ్యాల ఒక్కటే. బిడ్డ కన్ను తెరవకుండానే పోయింది కనుక అందులో ఎవరూ పడుకోలేదు. ఉయ్యాలను బట్టీకి ఇచ్చింది గాని, ఆ బొగ్గు అందరి బొగ్గులో కలవడం భరించలేకపోయింది. విడిగా అడిగి తెచ్చుకుని, దేనిలోనూ కలపకుండా తన మడిలోనే చల్లుకుంది.

రాగి పైరు పాలిపోయింది.

"పచ్చి బొగ్గు ఎవురన్నా ఏస్తారామే?" భర్త ఎర్రిస్వామి తల పట్టుకున్నాడు. "ముందే పేడనీళ్లతో దాని కడుపు నింపల్ల. లేకుంటే ఆకలి మీదుంటాది, పైరు నోటికాడిది లాక్కోని తింటాది. పార తే, తవ్వి బంకమట్టిలో తొక్కుతా. ఇప్పుడన్నా కలపకుంటే ఈ యేడు మనకు సంగటి లేదు."

ఉలిగమ్మ లేవలేదు. పురిట్లో ఎవరికీ పట్టకుండా పిండి పారబోసిన పాలు గుర్తొచ్చాయి.

"తవ్వొద్దు," అంది. "ఈ ఒక్క యేడు దాన్ని తిననీ."