చారు పోసిన ఇల్లాలు

చచ్చిపోయిన మనిషి ఇంటికి తిరిగొస్తే, ఇంట్లోవాళ్లు కెవ్వుమనకుండా ఎట్లుంటారు?

కడప మిషన్ బడి పంతులు లేవికి ఈ అనుమానం ఏళ్లుగా ఉంది, బెల్జియంలో ఫ్లెమిష్ భాషలో రాసే ఒకాయన కథను ఇంగ్లీషులో చదివినప్పటి నుంచీ. ఆ రచయిత పగలంతా ఓడరేవులో గుమాస్తా. ఆయన కథల్లో మాత్రం ఎంత వింతైనా, వాకిట్లో పాలమనిషి వచ్చిపోయినంత మామూలుగా జరిగిపోతుంది.

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు లేవి ఆ కథను తెలుగు చేయడానికి కూర్చున్నాడు. సాయంత్రం టపాకు అందితేనే పత్రికలో పడుతుంది. ఆఖరు పేరా దగ్గర కలం ఆగిపోయింది. అప్పుడే ఎదురింటి మగ్గం శేషన్న వచ్చి అరుగు దగ్గర నిలబడ్డాడు.

"ఏం రాస్తాండావు అయ్యవారూ?"

లేవి చదివి వినిపించాడు. చచ్చిన పడవవాడు ఇంటికొచ్చి, కోటు కొక్కేనికి తగిలించి, చారు అడుగుతాడు. పెండ్లాం పోస్తుంది. అంతటితో కథ సరి.

"ఆయమ్మ అరవదా?"

"అరవదు."

"మూర్ఛ పోదా?"

"పోదు శేషన్నా."

"చీపురన్నా తియ్యదా? ఇదేం కతప్పా! అరిచినట్టు రాయి. లేకుంటే మనోళ్లు నగుతారు."

"ఆయన రాయంది నేనెట్ల రాసేది?"

"ఆయప్ప యాడో చలిదేశమోడు. నువ్వు కడపోడివి, నీకన్నా తెలియొద్దా?"

లేవి కలం బల్లకేసి కొట్టాడు. సిరా చిందింది.

"పొద్దున్నుంచి నా తల నేనే తింటాండా, దానికి తోడు నువ్వొకడివి! అరిస్తే ఆ వచ్చినాయన మనసు ఎంత నొచ్చుకుంటాదో ఆలోచించినావా? ఇంత చారు కోసరం అంత దూరం నుంచి వచ్చినాడే!"

శేషన్న చిందిన సిరా కేసి చూశాడు.

"అదీ నిజమే. అట్లే ఉండనీ."

తువ్వాలు కింద నుంచి ఇత్తడి చెంబు తీసి అరుగు మీద పెట్టాడు. "ఒంటిమిట్ట తిరునాళ్లకని తీసకపోయింది. మూడేండ్లాయ. మీ సంతోషమ్మ అడిగినప్పుడల్లా రేపిస్తా, రేపిస్తా అంటి. ఇంక ఆ మాట ఉండగూడదు."

"కూచో, నీళ్లు తాగి పో."

"వద్దులే. పోతా."

లేవి ఆఖరు పేరా ఉన్నదున్నట్టు రాసి, కవరు అంటించాడు.

భార్య సంతోషమ్మ బయటికొచ్చి చెంబు చూసింది. అడుగున బెల్లం ముక్క ఉంది.

"శేషన్న వచ్చినాడా?"

"ఊఁ."

"ఒట్టి చెంబు ఇయ్యగూడదని బెల్లం ఏసినాడు, పాపం." చెంబును కొంగుతో తుడుచుకుంటూ లోపలికి నడిచింది. "మొన్న ఆయన దినాలప్పుడు వాళ్లింట్లో అందరూ కలిసి ఎతికినా దొరకలేదు గదా ఇది!"