ఎగరని ముఖచిత్రం

"నేను చప్పట్లు కొడతా. పిట్టల గుంపంతా ఎగిరినప్పుడు ఫోటో తియ్యి," అన్నాడు అన్నయ్య, తీరాన వేసిన గుడారంలో చెల్లెలి పక్కన నక్కి. పత్రిక అతనిది, కెమెరా ఆమెది. ముఖచిత్రం సాయంత్రానికల్లా కావాలి.

"సముద్రం దాటి ఇప్పుడే వాలాయి. తిననీ, అన్నయ్యా."

"తీయకపోతే నీ ఉద్యోగానికి నీళ్ళొదులుకో!"

అతను చప్పట్లకు చేతులెత్తాడు. ఆమె కెమెరాలోంచి బ్యాటరీ లాగి పిడికిట్లో బిగించింది.

"ఇప్పుడు కొట్టు. అన్నం ముందునుంచి ఎవరినైనా లేపుతామా? దేవుడు మెచ్చుతాడా? నేను మాత్రం తీయను."

"మొండిఘటం!" అని గొణుక్కుంటూ, ఏం తోచక బైనాక్యులర్స్ అందుకున్నాడు. ఒక్కో పిట్టనే చూస్తూ పోయాడు.

"ఆ చివరిది తింటూ తింటూనే కునుకు తీస్తోందేమే?"

"రెక్కలు అరిగేలా ఎగిరొచ్చింది మరి."

అతని గొంతు గుసగుసలోకి దిగింది.

"బ్యాటరీ పెట్టు. మెల్లగా... చప్పుడైతే దానికి మెలకువొస్తుంది."