నాలుగో భుజం

"నీ వల్ల కాదక్కా. నీ భుజం మా భుజాలకి జానెడు కిందుంటుంది. శవపేటిక నీ వైపు ఒరిగిపోతుంది. నాలుగో మనిషిని కిరాయికి పిలుద్దాం" అన్నాడు రాల్ఫ్.

"నేనుండగా నాన్నని పరాయివాడు మోస్తాడా?" హెస్టర్ గయ్యిమంది. "నాన్న చెప్పిన గురువారానికి ఇంకా మూడు వారాల టైముంది. అప్పటికి నీతో సమానంగా నిలబడతాను, చూస్తుండు."

మిల్లులో బట్టల మీద వంగి వంగి ఆమె వీపు గూనిలా తయారైంది. ఊళ్లో ప్రిసిల్లా అని, నిలబడటం, నడవటం నేర్పే టీచరమ్మ ఉంది. హెస్టర్ మర్నాడే వెళ్లి పాఠాలకి కుదిరింది.

"కుర్చీలోంచి లేవండి" అంది ప్రిసిల్లా.

హెస్టర్ పళ్లు బిగించి, ఛాతీ పొంగించి, సిపాయిలా లేచింది.

"ఇదే వద్దంటున్నాను. మెడ బిగిస్తే వీపు ముడుచుకుపోతుంది. తలని పైకి తేలనివ్వండి, ఒళ్లు దాని వెంటే వస్తుంది. కాస్త పట్టుదల తగ్గించండి."

"తగ్గిస్తే మా తమ్ముడు కిరాయి మనిషిని తెస్తాడండీ!"

ప్రిసిల్లా నవ్వేసింది. "సరే, పట్టుదల మనసులో ఉంచుకోండి. మెడలో పెట్టకండి."

ఆ మాట హెస్టర్‌కి బాగా నాటుకుంది. ఇంట్లో తల కింద పుస్తకాలు పెట్టుకుని వెల్లకిలా పడుకుంది. టీ నీళ్లు మరిగేదాకా, బస్సు వచ్చేదాకా మెడ వదులు చేసుకుంటూ నిలబడింది. చూసినవాళ్లు పిచ్చి పట్టిందనుకున్నారు. అనుకుంటే అనుకోనీ. చిన్నప్పుడు ఊళ్లో బ్యాండు మేళాలన్నీ నాన్న భుజాల మీద కూర్చునే చూసింది తను. ఆ నాన్నని ఎవడో మోస్తుంటే వెనక నడవాలా?

గురువారం నాన్న వడ్రంగి షెడ్డులో అందరూ నల్లకోట్లు తొడుక్కుని నిలబడ్డారు. తన పెట్టె తనే చేసుకున్న మనిషి. మూలలు అతికిన తీరు చూసి హెస్టర్‌కి కళ్లు చెమర్చాయి.

"ఒరిగిందా, కిరాయి మనిషే" గొణిగాడు రాల్ఫ్.

"ముందు ఎత్తరా!"

రాల్ఫ్, అతని కొడుకులిద్దరు, హెస్టర్ కలిసి పెట్టెని భుజాలకెత్తుకున్నారు. హెస్టర్ మెడ వదిలేసింది. తల పైకి తేలింది, వీపు సాగింది, బరువు తిన్నగా మడమల్లోకి దిగింది. అడుగులో అడుగు వేసుకుంటూ గేటుదాకా మోసి, నెమ్మదిగా దించారు. రాల్ఫ్ ఆయాసపడుతున్నాడు.

పెట్టె మూత పక్కకి జరిగింది. తొంభై దాటిన నాన్న, ఒరుగు కొలవడానికి గుండెల మీద పెట్టుకున్న రసమట్టం చేత్తో పట్టుకుని లేచి కూర్చున్నాడు.

"రిహార్సల్ బాగుంది. అమ్మాయి వైపు తిన్నగానే ఉంది. ఒరిగింది నీ వైపేరా, రాల్ఫ్! రేపట్నించి నువ్వూ ఆ టీచరమ్మ దగ్గరికి పో. నువ్వు నిటారయ్యేదాకా నేను పోయేది లేదు!"