సబ్బుల షెడ్డులో ఒక్క దెబ్బ

ఇలా రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. అంత దూరాన కూర్చుంటే నేను అరవాలి, ఇది అరిచి చెప్పే కథ కాదు.

"చెప్పరా! మా దున్నన్న తల పగలగొట్టిందెవడు?"

అడిగినవాణ్ణి అందరూ పట్టకారు అంటారు. ఒకసారి పట్టుకున్నాడంటే వదలడు. సబ్బుల గుంపులో వాడిది రెండో స్థానం. ఎప్పుడో మూతపడిన సబ్బుల ఫ్యాక్టరీ షెడ్డే ఆ గుంపుకి కోట. యంత్రాలు ఎత్తుకుపోయి ఏళ్ళయినా ఆ గోడలకు సబ్బు వాసన మాత్రం పోలేదు.

సమాధానం చెప్పాల్సినవాడు బుడంకాయ. రైలుకట్ట గుంపులో అందరికంటే పొట్టివాడు. పదిహేనేళ్ళు నిండీ నిండని పిల్లాడు. మిట్టమధ్యాహ్నం ట్యూషన్ నుంచి ఇంటికి పోతుంటే నలుగురు కలిసి ఎత్తుకొచ్చి, చేతులు వెనక్కి విరిచి కట్టి, ఒక చెక్కపెట్టె మీద కుదేశారు.

ఎదురుగా దున్న. సబ్బుల గుంపు నాయకుడు. గుమ్మంలో నిలబడితే లోపలికి వెలుతురు రాదు, అంత మనిషి. నుదుటి మీద ఇంత లావు కట్టు.

"కొంగగాడే కదూ?" పట్టకారు బుడంకాయ చొక్కా పట్టుకుని గుంజాడు. "నీ ప్రాణ స్నేహితుడు. ఒక్క మాట అను, నిన్ను వదిలేస్తాం."

బుడంకాయకు కొంగ మాటలు గుర్తొచ్చాయి. నిన్ననే కొంగ రైలుకట్ట మీద కాళ్ళు ఊపుకుంటూ, "దున్నగాడి తల రాయి పెట్టి కొట్టానురా!" అని మీసం లేని చోట చెయ్యి తిప్పుకుంటూ మరీ చెప్పాడు. ఇప్పుడు అవునంటే కొంగ కాళ్ళూ చేతులూ మిగలవు.

"కొంగ కాదు," అన్నాడు.

"మరెవడు?"

"నేనే."

షెడ్డంతా ఘొల్లుమంది.

"నువ్వా? అన్న నుదురు అందాలంటే నీకు నిచ్చెన కావాలి కదరా!"

"ఎగిరి కొట్టా."

అందరికంటే ఎక్కువగా తెల్లబోయింది దున్న.

సబ్బుల గుంపుకి ఒక కట్టుబాటు ఉంది. ఎదుట నిలబడి ఒప్పుకున్నవాణ్ణి అందరూ కలిసి తన్నకూడదు. దెబ్బ తిన్నవాడే, ఏ వస్తువుతో తిన్నాడో సరిగ్గా ఆ వస్తువుతోనే, ఒకే ఒక్క దెబ్బ తిరిగి కొట్టాలి. అంతటితో పగ చెల్లు. ఆ తర్వాత ఆ ఊసెత్తినవాడికి గుంపులో చోటు లేదు.

"దేంతో కొట్టావురా?"

"రాయితో."

"దొరికిపోయాడు!" పట్టకారు తొడ చరిచాడు. "అన్న ఇనప రాడ్డన్నాడు!"

దున్న గట్టిగా దగ్గాడు. "రాయే."

"అదేంటన్నా, మొన్న రాడ్డన్నావు?"

"వెనక నుంచి కొట్టాడ్రా. నాకేమన్నా వీపున కళ్ళున్నాయా?"

"దెబ్బ నుదుటి మీద కదన్నా..."

"నువ్వు రాయి తెస్తావా, నేను లేవాలా?"

పట్టకారు పరుగున వెళ్ళి గుమ్మడికాయంత రాయి మోసుకొచ్చాడు. దాన్ని చూడగానే బుడంకాయ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. అమ్మ కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంటుంది ఈ వేళకి. రక్తం చూసి కంగారు పడుతుంది. మెట్ల మీద జారానని చెప్పాలి. అసలు చెప్పడానికి నోరంటూ మిగిలితే.

"ఇది కాదు," దున్న గొంతు వినిపించింది.

ఇంకో రాయి వచ్చింది. "ఇదీ కాదు. మరీ నున్నగా ఉంది." మరొకటి. "దీనికి మూల లేదు." షెడ్డు చుట్టుపక్కల రాళ్ళన్నీ లోపలికి వచ్చాయి. దున్నకు ఒక్కటీ నచ్చలేదు, పెళ్ళికూతురికి చీర ఏరినట్టు ఏరుతున్నాడు. పట్టకారు చెమటలు కక్కుతున్నాడు.

"ఆ అసలు రాయి ఏం చేశావురా?" చివరికి అడిగాడు దున్న.

"కా... కాలవలో పారేశా."

"విన్నారుగా! అదే రాయి ఉండాలి. అది లేదు కాబట్టి దెబ్బా లేదు. విప్పండి వాణ్ణి."

"ఇదెక్కడి న్యాయమన్నా?"

"ఈ కట్టుబాటు ఎవడు పెట్టాడు?"

"నేనే..." నసిగాడు పట్టకారు.

"మరింకేం, విప్పు."

తాడు వదులయ్యేసరికి చేతుల్లోకి నెత్తురు జివ్వున వచ్చింది. దున్న తానే వాడి భుజం మీద చెయ్యి వేసి గేటు దాకా నడిపించాడు. బయట ఎండ. ఎప్పుడూ విసుక్కునే ఆ ఎండే ఇప్పుడు బుడంకాయకు అమ్మ పక్కనున్నట్టు హాయిగా ఉంది. నవ్వు ఆగడం లేదు.

"ఒరేయ్, నువ్వు కొట్టలేదు కదూ?"

బుడంకాయ తల దించుకున్నాడు. "లేదన్నా."

"కొంగగాడి కోసం నెత్తినేసుకున్నావు. వాడూ కొట్టలేదురా పిచ్చోడా, ఊరికే కోతలు కోశాడు. ఇంటికెళ్ళి వాడికి రెండు తగిలించు."

బుడంకాయ గుండె మీది బరువు అక్కడికక్కడే దిగిపోయింది. కొంగకు ఇక ఏ భయమూ లేదు.

"మరి నిన్ను కొట్టిందెవరన్నా?"

దున్న వెనక్కి తిరిగి చూశాడు. అంత మనిషీ ఒంగి, బుడంకాయ చెవి దగ్గర నోరు పెట్టాడు.

ఇదిగో, ఈ ముక్క మాత్రం గట్టిగా మనసులో పెట్టుకోండి. రేపు మీరు ఇంకొకరికి చెప్పేటప్పుడు తక్కినవన్నీ మరిచిపోయినా సరే, దీన్ని మాత్రం వదిలెయ్యకండి.

"మా చెల్లెలురా. ఒకటో తరగతి. నేను వేసిన జడ వంకరగా వచ్చిందని చెంబు విసిరింది."