ఆల్టరేషన్

"కుదరదంటే కుదరదండీ! డెబ్భై నాలుగేళ్ళ వయసులో, అందునా ఇంత బీపీ పెట్టుకుని, మొహానికి ఆపరేషనేమిటి?" డాక్టరమ్మ పెన్ను బల్లమీద పడేసింది.

ఎదురుగా కూర్చున్న టైలరు తాత కదిలితేనా! ఈ వారంలో ఆయన రావడం ఇది మూడోసారి. పాత ఫొటో ఒకటి బల్లమీద పెట్టి ముందుకు జరిపాడు. అందులో ముప్పై ఏళ్ళ మనిషి నల్లటి మీసంతో నవ్వుతున్నాడు. ఈయనే.

"ఇలా చేసేస్తే చాలమ్మా. ఎన్నాళ్ళు పడుతుంది?"

"వాపు తగ్గడానికే నెల."

"నెలా!" తాత మొహం వాడిపోయింది. "పోనీలెండి. నొప్పి ఎంతున్నా ఓర్చుకుంటాను. మళ్ళీ వదులైపోదు కదా?"

వచ్చేవాళ్ళందరూ అడిగే ప్రశ్నలే. డాక్టరమ్మకి జవాబులు కంఠతా వచ్చు. కానీ తాత ఊరుకోలేదు. రెండు బుగ్గల చర్మాన్నీ చెవుల వెనక్కి లాగి పట్టుకున్నాడు. "ఇదిగో, ఇక్కడ ఇంత లోపలికి మడిచి ఓ కుట్టు వేస్తే సరి. వదులు చొక్కాలు నలభై ఏళ్ళు బిగించినవాణ్ణి, నాకు తెలీదూ!"

"చర్మం గుడ్డ కాదు తాతగారూ."

పక్కనున్న నర్సు కిసుక్కున నవ్వింది. "తాతగారికి ఎక్కడో సంబంధం కుదిరినట్టుంది మేడమ్!"

ఆయన నవ్వలేదు. దాంతో డాక్టరమ్మకి జాలేసింది. ఒట్టి చేతులతో పంపడమెందుకని కాస్త మెత్తబడింది.

"ఒక పని చేద్దాం. మీ బుగ్గలమీద మొటిమల గుంటలున్నాయి చూశారా, వాటిని లేజర్‌తో కొంచెం నున్నగా చేస్తాను. కొయ్యడాలూ కుట్టడాలూ ఉండవు. నాలుగైదు సిట్టింగులు, అంతే."

"అమ్మో! వాటి జోలికి మాత్రం వెళ్ళకండి!" తాత గబుక్కున బుగ్గలు మూసుకున్నాడు. "అవి అప్పుడూ ఉన్నాయి. ఫొటోలో చూడండి, ఉన్నాయి."

ఇదెక్కడి గోలరా దేవుడా అనుకుంది డాక్టరమ్మ. గుంటలు ఉంచెయ్యమని బతిమాలే మనిషిని ఇన్నేళ్ళ సర్వీసులో ఆవిడ చూడలేదు. ఇక లాభం లేదని ఆఖరి అస్త్రం తీసింది.

"మా దగ్గరో పద్ధతుంది. ఇంట్లోవాళ్ళ సంతకం లేనిదే మేం సూది కూడా ముట్టుకోం. మీ ఆవిణ్ణి తీసుకురండి, అప్పుడు మాట్లాడదాం."

తాత చేతులు ఒళ్ళో పడిపోయాయి.

"ఆవిడ పెట్టదమ్మా."

"ఏం, ఇష్టం లేదా?"

"ఆవిడకి చెప్పలేదు. చెప్పినా లాభం లేదు."

డాక్టరమ్మకి ఒళ్ళు మండింది. "బాగుంది వరస! కట్టుకున్న మనిషికి మాటైనా చెప్పకుండా, ఈ వయసులో కుర్రాడిలా తయారై ఎవరికి చూపించుకుందామనండీ?"

తాత కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆవిడకేనమ్మా. రోజూ నేను గుమ్మం ఎక్కగానే, 'ఎవరయ్యా నువ్వు? మా ఆయన కొట్టు కట్టేసి వచ్చే వేళయింది, వెళ్ళిపో' అని తలుపేసేస్తోంది."