హురూబ్ ఖలాస్

"హురూబ్!"

తుపాకీ పట్టుకుని దారికి అడ్డంగా నిలబడ్డ సిపాయి అరిచిన ఆ ఒక్క మాటకే నాగేందర్ బ్రేకు తొక్కాడు. నీళ్ల ట్యాంకర్ ఆగగానే చేతులు పైకెత్తి కిందికి దిగాడు. సరిహద్దు కొండ మీదున్న యెమన్ సిపాయిల శిబిరంలో నీళ్లు పోసి, ఖాళీ బండితో సౌదీలోని నజ్రాన్‌కు తిరిగి వెళ్తున్నాడు.

హురూబ్ అంటే కఫీల్ దగ్గర్నుంచి, అంటే వీసా ఇచ్చిన సౌదీ యజమాని దగ్గర్నుంచి, పారిపోయినవాడని వేసే ముద్ర. అది పడిందంటే ముందు జైలు, ఆ తర్వాతే ఇల్లు. విదేశీ పనివాళ్ల మీద సర్కారు వేసే లెవీ కట్టలేక నాగేందర్‌ను బయట పని చూసుకొమ్మని వదిలేసిన కఫీల్, ఇప్పుడు ఆ ముద్ర వేస్తానని బెదిరిస్తున్నాడు. వేశాడో లేదో తెలియక నాగేందర్‌కు తిండి సహించడం లేదు.

"నో హురూబ్, సార్! కఫీల్ మాలూమ్!" అంటూ జేబులోంచి నివాస అనుమతి కార్డు, ఇఖామా, తీసి చూపించాడు.

సిపాయి దాని వంక చూడనే లేదు. తుపాకీ దించి, "హురూబ్ ఖలాస్" అన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

ఖలాస్ అంటే అయిపోయిందని నాగేందర్‌కు తెలుసు. ఏది అయిపోయింది? అరబ్బీలో యుద్ధాన్ని హర్బ్ అంటారు. యెమన్ వాళ్లు వాళ్లలో వాళ్లు చేసుకుంటున్న యుద్ధం రేపో మాపో ఆగిపోతుందని శిబిరంలో అందరూ అనుకుంటున్నారు. ఇతనన్నది హర్బా, హురూబా?

"హర్బ్ ఖలాస్? హురూబ్ ఖలాస్?" అని అడిగాడు.

"ఐవా," అన్నాడు సిపాయి. అవునట. రెండింటికీ అవునట!

సిపాయి ఇసుకలో కూలబడి, సైగలతో, ముక్కలు ముక్కలుగా చెప్పుకొచ్చాడు. పగలంతా గుంతలోనే ఉండాలి. తల బయట పెట్టకూడదు. బండి చప్పుడైతే నేలకు కరుచుకుపోవాలి. ఇంటికి ఫోన్ లేదు. అయిపోయిందంటారు, మళ్లీ మొదలైందంటారు. పొద్దున పక్కవాడు పోయాడు.

నాగేందర్ మనసు కరిగిపోయింది. హురూబ్ పడ్డవాళ్ల బతుకూ అచ్చం అంతే. దాక్కోవడం, బండి చప్పుడుకు వణకడం, చివరికి పట్టుబడి పోవడం. హురూబ్ అయిపోయిందని చెబుతున్న ఈ సిపాయికి తన కష్టం ఎలా తెలిసిందో మాత్రం అంతుపట్టలేదు.

అంతలో కొండ అవతల ఏదో ఢామ్మని పేలింది. సిపాయి ఒక్క ఉదుటున ట్యాంకర్ కిందికి దూరాడు.

"ఖలాస్ అంటివి గదా!" అన్నాడు నాగేందర్ బిత్తరపోయి.

"బుక్రా ఖలాస్," అంటూ సిపాయి సిగ్గుపడుతూ బయటికొచ్చాడు. రేపు అయిపోతుందట. యుద్ధం రేపా, తన హురూబ్ రేపా? ఎంత ఆలోచించినా తేలలేదు. తనకు కావలసింది నమ్మడమే సుఖమనిపించింది.

సిపాయి క్యాబిన్‌లో వేలాడుతున్న పాత డ్యూటీ డ్రెస్సూ, టోపీ చూపించి చెయ్యి చాపాడు. నాగేందర్ ఇచ్చేశాడు. అవి తొడుక్కుని, తన యూనిఫాం, తుపాకీ ఇసుకలో కప్పెట్టి, సిపాయి పక్క సీట్లో ఎక్కి కూర్చున్నాడు. అంటే యుద్ధం కూడా అయిపోయినట్టే కాబోలు అనుకున్నాడు నాగేందర్. దారిలో ఊర్మిలకు ఫోన్ చేశాడు.

"ఊర్మిలా, నా హురూబ్ ఖలాస్ అయిందట! ఇగ వస్తున్ననే!"

అవతల ఊర్మిల ఏడుస్తూ నవ్వింది. సిపాయి మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

చెక్‌పోస్టు దగ్గర పోలీసు గబగబా ఏదో అడిగాడు. అందులో 'హారిబ్', అంటే పారిపోయినవాడు, అన్న మాటొక్కటే చెవిన పడింది. మళ్లీ అదే గొడవ! సిపాయి టోపీ మొహం మీదికి లాక్కుని నిద్రపోతున్నాడు.

"హురూబ్ ఖలాస్ సార్! ఖలాస్!" అంటూ నాగేందర్ రెండు చేతులూ జోడించాడు.

రోజూ చూసే మనిషే కదా, పోలీసు నవ్వేసి "మబ్రూక్" అంటూ గేటు ఎత్తించాడు. పోలీసే శుభాకాంక్షలు చెప్పాక ఇంకేం అనుమానం? నాగేందర్ గాల్లో తేలిపోతూ బండి నడిపాడు.

చెక్‌పోస్టు కనుమరుగయ్యాక సిపాయి టోపీ తీశాడు. "బతికిచ్చినవ్ అన్నా!" అన్నాడు.

నాగేందర్ సడెన్ బ్రేకు వేశాడు. "నీకు తెలుగొస్తదా?"

"ఇక్కడి హుఫూఫ్ పట్నంల జగిత్యాల తెలుగోళ్ల రూంలనే ఉన్న అన్నా. సౌదీవోళ్లకే కొలువులియ్యాలన్న నితాఖత్ల నన్ను యెమన్‌కు తోలిన్రు. ఆడ పని దొరకలే, తుపాకి దొరికింది."

"మరి ఇంతసేపు అరబ్బీల ఎందుకు సతాయించినవయ్యా?"

"లడాయి ఇడిసిపెట్టి ఉరికొస్తున్న, ఎక్కించుకో అంటే ఎక్కించుకుందువా? హురూబ్ అంటెనే గద మీవోళ్లు బండి ఆపేది!"

నాగేందర్ స్టీరింగ్ వదిలేసి అతని వైపు తిరిగాడు. "మరి... నా హురూబ్ ఖలాస్ అంటివి?"

సిపాయి తల దించుకున్నాడు.

"నీ సంగతి నాకేం తెల్సన్నా? హురూబ్ నేను."