పీతల కాలంలో వచ్చిన అతిథి

కెంగో పీత కాలు విరిచి, లోపలి కండ చిట్లకుండా బయటికి లాగి, ఆ అమ్మాయి పళ్లెంలో పెట్టాడు.

అన్నం గిన్నెతో వచ్చిన సయోకో తలుపు దగ్గరే ఆగిపోయింది. ఇరవై ఏళ్లు దాటిన కాపురంలో ఆయన తనకు ఒక్క పీత కాలు వలిచి పెట్టిన పాపాన పోలేదు.

అమ్మాయి పేరు మారెన్ హోల్మ్. పాతికేళ్లుంటాయి. డెన్మార్క్ నుంచి సెలవులకు ఒంటరిగా వచ్చింది. సముద్రం ఒడ్డున, వేడినీటి బుగ్గలున్న ఆ ఊళ్లో కెంగో దంపతులకు చిన్న సత్రం ఉంది. వంట ఆయనది, గదులు, అతిథులు ఆమెవి. మొదటి రోజు సయోకో టీ పోస్తూ సైగలతో ఆ పిల్ల పేరు అడిగింది. పిల్ల చెప్పింది. ఆ మాట వినగానే అమ్మగారి మొహంలో రంగు మారిందని పనిచేసే ఫుసా వీధి వీధంతా చెప్పింది. వయసులో ఉన్న పిల్ల ఇంట్లో దిగితే ఏ ఇల్లాలికైనా అంతేనని తనే అర్థం కూడా చెప్పింది.

పెళ్లికి ముందు కెంగో ఓడల మీద వంటవాడిగా దేశాలు తిరిగాడు. ఇంగ్లీషు గడగడా మాట్లాడతాడు. సయోకోకు ముక్క రాదు. అక్కడే వచ్చింది చిక్కు. వాళ్లిద్దరూ పడీపడీ నవ్వుతుంటే ఎందుకో ఆమెకు తెలియదు. అడిగితే, ఏవో పిల్లకబుర్లులే అని తేల్చేసేవాడు.

రెండు రోజులకని వచ్చిన పిల్ల వారం ఉంటానంది. ఈ ప్రాంతం చూడాలని చిన్నప్పటి నుంచీ కోరికట. ఆ మాటా కెంగోతోనే చెప్పింది.

మర్నాడు పొద్దున్నే ఆమెను వెంటబెట్టుకుని చేపల రేవుకు వెళ్లాడు. మధ్యాహ్నం నూడుల్స్ కొట్టుకు తీసుకెళ్లి, పులుసులోంచి వాటిని చప్పుడు చేస్తూ జుర్రుకోవడం నేర్పాడు. కొట్టంతా ఒకటే నవ్వులని ఎదురింటావిడ మోసుకొచ్చింది. ఊరగాయ రేగుపండు నోట్లో పెట్టుకుని పిల్ల మొహం ఎలా వంకర్లు తిప్పిందో కెంగో ఇంటికొచ్చి అభినయించి మరీ చూపించాడు. సయోకో నవ్వలేదు.

"అమ్మగారూ, కాస్త కనిపెట్టుకుని ఉండండి," అంది ఫుసా. "అయ్యగారు అద్దం ముందు నించుని జుట్టు దువ్వుకోవడం ఈ ఇంట్లో చేరాక ఇదే మొదటిసారి చూడ్డం."

"నీ పని నువ్వు చూసుకో," అంది సయోకో.

ఆ తర్వాతి రోజు ఆమె వంటింట్లోకి వచ్చి భర్తను పక్కకు తప్పుకోమంది. అతిథుల కోసం ఆమె గరిటె పట్టి ఏళ్లయింది. గుడ్లు గిలకొట్టి, చిటికెడు పంచదార వేసి, పొర మీద పొర చుట్టి తీపి గుడ్డట్టు చేసింది. మొదటిది అంచు మాడిందని పారేసి, మళ్లీ చేసింది.

మారెన్ ముక్క మిగల్చకుండా తింది. కళ్లు మూసుకుని తింది. తిని, రెండు చేతులూ జోడించి కెంగోకు దణ్ణం పెట్టింది. ఆయన గుండెల మీద చెయ్యేసుకుని తల వంచాడు.

ఖాళీ పళ్లెం లోపలికి తెచ్చి సయోకో కడిగిందే కడిగింది. కెంగో రాగానే అడిగింది.

"అది నేను చేశానని చెప్పొచ్చుగా?"

"ఎవరు చేస్తే ఏంటే? తిన్నది కదా."

"మీకేం. మీకన్నీ తేరగా వస్తాయి."

ఆ మాటకు ఆయన బిత్తరపోయాడు. అట్టు ముక్క కోసం ఇంత రాద్ధాంతమా అనుకుని బయటికి వెళ్లిపోయాడు.

వారం చివర్లో ఊళ్లో తేనీటి విందు. పిల్లకు కిమోనో కట్టమని కెంగో భార్యను బతిమాలాడు. వద్దంటుందేమో అనుకున్నాడు. ఆమె పెట్టె తీసి, తను పెళ్లికాక ముందు కట్టిన కిమోనో బయటికి తీసింది. ఫుసా కడతానన్నా వినలేదు. పిల్ల వెనక నిలబడి, నడుము చుట్టూ చేతులు పోనిచ్చి పట్టీ బిగించింది. విప్పింది. మళ్లీ బిగించింది.

"ఈ పిల్ల నోరు విప్పకపోతే మన ఊరిదే అనుకుంటారు," అంది ఫుసా. సయోకో కసురుకుని ఆమెను బయటికి పంపేసింది.

మారెన్ ఏదో అంది. తెర అవతల నుంచి కెంగో అందుకున్నాడు.

"మళ్లీ మళ్లీ ఎందుకు విప్పి కడుతున్నావని అడుగుతోంది."

"ముడి సరిగ్గా రాలేదని చెప్పండి."

వెళ్లే రోజున ముగ్గురూ బస్సు కోసం నిలబడ్డారు. మారెన్ కెంగోను కావలించుకుని కళ్లు తుడుచుకుంది. సయోకో వైపు తిరిగి, ఆయన నేర్పిన పద్ధతిలో నడుము వంచి నమస్కరించింది. సయోకో ఇంకా కిందికి వంగింది. లేవడానికి చాలాసేపు పట్టింది.

"ఏమైనా చెప్పమంటావా?" అన్నాడు కెంగో.

"గాలి కొడుతోంది. కోటు గుండీలు పెట్టుకోమనండి."

బస్సు మలుపు తిరిగి కనుమరుగైంది. సయోకో అక్కడి నుంచి కదల్లేదు. కెంగోకు ఓపిక చచ్చింది.

"వారం నుంచీ చూస్తున్నా. కుళ్లుకుని చస్తున్నావు. అవునా, కాదా?"

"అవును."

"మనకే పిల్లలుంటే ఆ వయసు కూతురుండేది. అలాంటి పిల్ల మీదా నీ అసూయ?"

"ఆ పిల్ల మీద నాకెందుకుంటుందండీ," అని సయోకో ఇంటిదారి పట్టింది.

పెళ్లికి ముందు సయోకో కని, ఒక్క పూట పాలైనా పట్టకుండా హోల్మ్ దంపతుల చేతుల్లో పెట్టేసిన బిడ్డకు, ఏ సంగతీ తెలియని కెంగో వారం రోజులూ కడుపునిండా తినిపించాడు.